రాగి ధర పడినప్పుడు కూలి పోయింది, పెరిగినప్పుడు పంట పోతోంది

మదనపల్లె, పుంగనూరు, కుప్పం చుట్టుపక్కల పల్లెల్లో తెల్లారి పొలానికి వెళ్లేసరికి ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె మీద ఉండాల్సింది కింద బోర్లా పడి ఉండటం కొత్త సంగతేమీ కాదు. ఆయిల్ నేలపాలై ఉంటుంది. లోపలి రాగి చుట్టలు ఉండవు. బోరు కాడ స్టార్టర్ పెట్టె నుంచి మోటారుకు దిగే కేబుల్ వైరు కోసుకుపోవడం అంతకన్నా మామూలైపోయింది. పత్రికల జిల్లా ఎడిషన్లలో ఇది నాలుగు లైన్ల నేర వార్త. ఎవరో దొంగలు, ఏదో కేసు, దర్యాప్తు చేస్తున్నామన్న ఎస్సై మాట. అంతటితో సరి.

దీన్ని నేర వార్తగా మాత్రమే చదివితే అసలు విషయం తెలియదు. లండన్ మెటల్ ఎక్స్ఛేంజ్‌లో 2019లో టన్ను రాగి 6 వేల డాలర్ల దరిదాపుల్లో ఉండేది. 2021 మే నెలలో 10 వేలు దాటింది. 2024 మేలో 11 వేలను తాకింది. 2025 డిసెంబర్‌లో 12 వేలు దాటింది. మన లెక్కలో చెప్పాలంటే, 2019లో కిలో నాలుగు వందల చిల్లరకు వచ్చిన లోహం 2025 చివరికి వెయ్యి రూపాయలు దాటింది. పొలంలో కాపలా లేకుండా నిలబడి ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ విలువ కూడా దాంతోపాటే పెరిగింది.

మన మూడు ఊళ్ల చుట్టూ నడుస్తున్న రాగి గని ఒక్కటీ లేదు. రాగి కరిగించే ఫ్యాక్టరీ లేదు. అయినా దేశ రాగి విధానం ఇక్కడి దళిత రైతు బోరు దాకా, గుజిరీ అంగడి దాకా, పాత బంగారు గని కార్మికుడి ఇంటి దాకా వస్తోంది. ఈ మూడు చోట్లా ఒకే విషయం కనిపిస్తుంది. లోహం ధర పడినప్పుడు నష్టపోయిందీ, పెరిగినప్పుడు నష్టపోతున్నదీ ఒకే మనుషులు.

కొరత ఎక్కడుంది?

ముందు దేశం లెక్క చూద్దాం. తుక్కు నుంచి వచ్చేదాన్ని కూడా కలుపుకుంటే మన దేశంలో ఏటా 17 నుంచి 18 లక్షల టన్నుల రాగి వాడుతున్నారు. ఇళ్ల వైరింగు, మోటార్లు, ట్రాన్స్‌ఫార్మర్లు, ఏసీలు, సోలార్ ప్లాంట్లు, ఎలక్ట్రిక్ బండ్లు, అన్నిటికీ రాగి కావాలి. శ్రీసిటీలో తయారయ్యే ఏసీల గొట్టాలకూ, కుప్పంలో ఇళ్ల మీద పెడుతున్న సోలార్ పలకల వైర్లకూ అదే లోహం. అయినా తలసరి వాడకంలో మనం ప్రపంచ సగటుకు చాలా దిగువన ఉన్నాం. అంటే గిరాకీ ఇంకా పెరిగేదే.

సరఫరా సంగతి వేరు. దేశంలో రాగి ఖనిజం తవ్వే కంపెనీ ప్రభుత్వ రంగంలోని హిందుస్థాన్ కాపర్ ఒక్కటే. 1967లో పెట్టిన ఈ సంస్థకు మధ్యప్రదేశ్‌లోని మలాంజ్‌ఖండ్, రాజస్థాన్‌లోని ఖేత్రి, జార్ఖండ్‌లోని ఘట్‌శిల ప్రాంతాల్లో గనులున్నాయి. ఏటా తవ్వే ఖనిజం 35 నుంచి 40 లక్షల టన్నుల మధ్య ఉంటుంది. అందులో రాగి నూటికి ఒక పాలు కూడా సరిగా ఉండదు. కాబట్టి మన గనుల నుంచి చేతికొచ్చే రాగి 30 వేల టన్నులు దాటడం లేదు. మన తెలుగు నేల మీద పల్నాడులోని అగ్నిగుండాల ప్రాంతంలో నల్లకొండ, ధూకొండ రాగి నిక్షేపాలు ఉన్నాయి కానీ, దేశం లెక్కలో వాటి వాటా చెప్పుకోదగ్గది కాదు.

మిగతా రాగి కోసం పెద్ద ఫ్యాక్టరీలు చిలీ, పెరూ, ఇండోనేషియా లాంటి దేశాల నుంచి ముడి గాఢతను ఓడల్లో తెప్పించుకుని కరిగిస్తాయి. గుజరాత్‌లోని దహేజ్‌లో బిర్లాల హిందాల్కో, తమిళనాడులోని తూత్తుకుడిలో వేదాంత వారి స్టెరిలైట్ చాలా కాలం ఈ పని చేశాయి. 2018 మే 22న తూత్తుకుడిలో కాలుష్యానికి వ్యతిరేకంగా ఊరేగింపు తీసిన జనం మీద పోలీసులు కాల్పులు జరిపారు. 13 మంది చనిపోయారు. ఫ్యాక్టరీ మూతపడింది. దాన్ని తెరిపించాలన్న కంపెనీ వాదనను సుప్రీంకోర్టు 2024 ఫిబ్రవరి 29న కొట్టేసింది. ఏటా 4 లక్షల టన్నుల సామర్థ్యం ఒక్కసారిగా పోవడంతో, అప్పటిదాకా శుద్ధి చేసిన రాగిని ఎగుమతి చేసిన దేశం దిగుమతి చేసుకోవాల్సి వచ్చింది. 2024 మార్చిలో ముంద్రాలో అదానీల కచ్ కాపర్ మొదలైంది. దాని మొదటి దశ సామర్థ్యమే 5 లక్షల టన్నులు.

తూత్తుకుడి పేరు చెప్పి ‘ఉద్యమాల వల్లే దేశానికి రాగి కొరత’ అనే వాదన అప్పటి నుంచీ వింటున్నాం. ఈ వాదన సగమే నిజం. కరిగించే ఫ్యాక్టరీల కొరత ఇప్పుడు ప్రపంచంలో లేదు, కరిగించడానికి ఖనిజమే లేదు. గనుల కంపెనీలు ఫ్యాక్టరీలకు కరిగింపు కూలి చెల్లించడం ఈ వ్యాపారంలో ఆనవాయితీ. 2024లో టన్ను గాఢతకు 80 డాలర్లుగా ఒప్పందమైన ఆ కూలి, 2025 మధ్యకొచ్చేసరికి ఒక చిలీ కంపెనీకీ చైనా ఫ్యాక్టరీకీ మధ్య కుదిరిన ఒప్పందంలో సున్నాకు పడిపోయింది. ఫ్యాక్టరీలు ఎక్కువై, ఖనిజం తక్కువైతే జరిగేది అదే. దానికి తోడు 2023 చివర్లో పనామాలో పెద్ద రాగి గని కోర్టు తీర్పుతో మూతపడింది. 2025 సెప్టెంబర్‌లో ఇండోనేషియాలోని గ్రాస్‌బర్గ్ గనిలోకి బురద ముంచుకొచ్చి కార్మికులు చనిపోయారు, తవ్వకం ఆగిపోయింది.

కాబట్టి కేంద్రం చూపు గనుల మీద పడింది. 2023లో ప్రకటించిన 30 కీలక ఖనిజాల జాబితాలో రాగి ఉంది. అదే ఏడాది గనుల చట్టాన్ని సవరించి, రాగి, బంగారంతో సహా 29 ఖనిజాలకు ప్రైవేటు కంపెనీలకు అన్వేషణ లైసెన్సులు ఇచ్చే వీలు తెచ్చారు. ఒక్కో లైసెన్సు కింద వెయ్యి చదరపు కిలోమీటర్ల దాకా వెతకొచ్చు. 2025 జనవరిలో జాతీయ కీలక ఖనిజాల మిషన్ వచ్చింది. హిందుస్థాన్ కాపర్ తన తవ్వకాన్ని ఏటా 122 లక్షల టన్నులకు పెంచాలని లక్ష్యం పెట్టుకుంది.

ఈ పత్రాలన్నిటిలో టన్నులున్నాయి, డాలర్లున్నాయి. మనుషుల లెక్క మాత్రం వెతుక్కోవాలి.

ధర పడిన కాలం

2001లో టన్ను రాగి సగటున 1,600 డాలర్ల లోపే. గిట్టుబాటు కావడం లేదని ఆ ఏడాది జార్ఖండ్‌లోని రాఖా రాగి గనిని ఆపేశారు. సింగ్‌భూమ్ ఆదివాసుల నేల అది. అదే ఏడాది ఫిబ్రవరి 28న కుప్పానికి పక్కనే ఉన్న కోలార్ బంగారు గనులు మూతపడ్డాయి. అప్పుడు ఔన్సు బంగారం 270 డాలర్ల లోపు. కారణం అక్కడా అదే, గిట్టుబాటు.

కోలార్ గనులు కర్ణాటకవి, మనకెందుకు అనుకోనక్కర్లేదు. ఆ గనులు నడిపిన భారత్ గోల్డ్ మైన్స్ సంస్థదే మన గుడుపల్లె మండలంలోని చిగురుగుంట గని కూడా. 1880లో జాన్ టేలర్ కంపెనీ మొదలుపెట్టిన నాటి నుంచి ఆ లోతుల్లోకి దిగింది ఎక్కువగా దళితులే. ఉత్తర ఆర్కాడు నుంచి, చిత్తూరు పల్లెల నుంచి పోయిన తమిళ, తెలుగు దళితులు. పైన దొరలు, నడుమ ఆంగ్లో ఇండియన్లు, అట్టడుగున వీళ్లు. మూడు కిలోమీటర్లకు పైగా లోతులో, రాతి దుమ్ములో పనిచేసి సిలికోసిస్‌తో ఊపిరితిత్తులు పాడుచేసుకున్నారు. పల్లెలో వెట్టి కన్నా గని కూలి నయమని పోయినవాళ్లు. గని వాళ్లకు కూలితోపాటు సంఘం, బడి, అంబేడ్కర్ మాట కూడా ఇచ్చింది. మూసివేతతో వేల కుటుంబాలు రోడ్డున పడ్డాయి. ఆ ఇళ్ల పిల్లలు ఇప్పటికీ తెల్లవారుజాము రైలెక్కి బెంగళూరు కూలికి, కాంట్రాక్టు పనులకు పోతున్నారు.

తర్వాత ధర మారింది. 2025 అక్టోబర్‌లో ఔన్సు బంగారం 4 వేల డాలర్లు దాటింది. గనుల పక్కన గుట్టలుగా పోసిన మట్టి దిబ్బల నుంచి మళ్లీ బంగారం తీసే ప్రతిపాదనకు 2024 జూన్‌లో కర్ణాటక మంత్రివర్గం ఒప్పుకుంది. చిగురుగుంట–బిసానత్తం బ్లాకును వేలంలో ప్రభుత్వ రంగ ఎన్‌ఎండీసీ దక్కించుకుంది. అటు రాఖా రాగి గనిని తిరిగి తెరిచి నడిపే పని జేఎస్‌డబ్ల్యూ గ్రూపు కంపెనీకి అప్పగించారు.

ఖనిజం పాతదే, గని పాతదే, ధర ఒక్కటే కొత్తది. ధర పడినప్పుడు ‘నష్టం వస్తోంది’ అని కార్మికుడిని ఇంటికి పంపిన విధానం, ధర పెరిగినప్పుడు ‘లాభం వస్తోంది, నీ కొడుక్కి పనిస్తా రా’ అని పిలిచే నిబంధన ఒక్కటీ రాసుకోలేదు. వేలం షరతుల్లో ప్రభుత్వ వాటా ఎంతో పైసలతో సహా ఉంటుంది. ఆ గనిలో ఊపిరి పోగొట్టుకున్న కుటుంబం వాటా ఎంతో ఉండదు.

ధర పెరిగిన కాలం

ఇక బోరు కాడికి వద్దాం. మదనపల్లె టమోటా, పుంగనూరు కూరగాయలు, కుప్పం మల్బరీ, అన్నీ చాలావరకు బోరు నీళ్ల మీదే బతుకుతున్నాయి. 2025 ఆగస్టులో హంద్రీ–నీవా నీళ్లు కుప్పం కాలువ దాకా వచ్చాయి కానీ, ప్రతి కయ్యకూ కాలువ రాదు. పైగా వ్యవసాయానికి ఉచిత కరెంటు ఉన్నా, అది మోటారు దాకా రావాలంటే రాగి కావాలి.

పొలాల్లో నష్టాలు తగ్గించడానికి రెండు మూడు బోర్లకు ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మర్ చొప్పున పెట్టే పద్ధతి ఇరవై ఏళ్ల నాడే వచ్చింది. సాంకేతికంగా మంచి పద్ధతి. కానీ ఊరికి దూరంగా, మనుషులు తిరగని చోట, చేతికందే ఎత్తులో ట్రాన్స్‌ఫార్మర్ల సంఖ్య పెరిగింది. ఇక డీకేటీ పట్టా భూములు ఎక్కడుంటాయో మనకు తెలుసు. గుట్ట వాలులో, చెరువు తోకన, ఊరి చివర. 2011 జనగణన ప్రకారం ఉమ్మడి చిత్తూరు జిల్లా జనాభాలో దళితులు దాదాపు 19 శాతం. వాళ్లలో భూమి ఉన్నవాళ్లకు ఎక్కువగా ఉన్నది ఎకరా రెండెకరాల ఇలాంటి భూమే. దొంగకు అనువైన చోటు అదే.

ట్రాన్స్‌ఫార్మర్ పోతే పెద్ద రైతుకు ఇబ్బంది, చిన్న రైతుకు పంటే పోతుంది. పెద్ద రైతుకు రెండో బోరు ఉంటుంది, డీజిల్ ఇంజిన్ ఉంటుంది, ఏఈకి ఫోన్ చేసే చనువు ఉంటుంది. డీకేటీ రైతుకు ఉన్నది ఒక బోరు, దాని మీద అప్పు. పూత మీదున్న టమోటాకు పది రోజులు నీళ్లు లేకపోతే ఆ కారు పోయినట్టే. టమోటా ధర సంగతి చెప్పక్కర్లేదు. 2023 జూలై చివర్లో మదనపల్లె మార్కెట్లో కిలో 200 రూపాయల దగ్గరకు పోయి, రెండు నెలలు తిరక్కుండానే పది రూపాయల దరిదాపుల్లోకి వచ్చింది. మంచి ధర ఉండే ఆ నాలుగు వారాల్లో కరెంటు లేకపోతే ఏడాది కష్టం వృథా. ఆ తోటలో కాయలు కోసే దళిత ఆడవాళ్ల కూలి కూడా దాంతోపాటే పోతుంది. ఆ కూలి నష్టం ఏ ఎఫ్ఐఆర్‌లోనూ ఎక్కదు.

కాలిపోయిన మోటారు రీవైండింగ్ ఖర్చు కూడా రాగి ధరతోపాటే పెరుగుతుంది, ఎందుకంటే చుట్టే తీగను తూకం వేసి లెక్కగడతారు. కొత్త ట్రాన్స్‌ఫార్మర్ తెచ్చుకోవడానికి బండి బాడుగ రైతులే చందాలేసుకుంటున్నారన్న ఫిర్యాదు రాయలసీమ అంతటా పాతదే. అంటే లండన్‌లో పెరిగిన ధరను ఎకరా భూమి ఉన్న మనిషి మూడుసార్లు కడుతున్నాడు: చోరీ రూపంలో, రిపేరు రూపంలో, పోయిన పంట రూపంలో.

దీనికి పరిష్కారం లేక కాదు. చిన్న ట్రాన్స్‌ఫార్మర్లలో రాగికి బదులు అల్యూమినియం చుట్టలు వాడటం కరెంటు సంస్థలకు తెలిసిన పనే. పోయిన చోటల్లా అల్యూమినియం చుట్టలున్నవి పెట్టి, ‘ఇందులో రాగి లేదు’ అని పెద్ద అక్షరాలతో రాసినా కొంత ఉపయోగం. రాగి గిరాకీని తగ్గించుకోవడం కూడా సరఫరా విధానమే కదా.

గుజిరీ అంగడి నుంచి స్టేషన్ దాకా

పోయిన రాగి ఎక్కడికి పోతుంది? ఏదో ఒక అంగడిలో తూకానికి వచ్చి, చేతులు మారి, ఫ్యాక్టరీ కొలిమికి చేరుతుంది. కొలిమిలో కరిగాక దాని పుట్టుక ఎవరికీ తెలియదు. ఈ గొలుసులో లాభం పైమెట్లలో ఉంటుంది. అనుమానం మాత్రం కింది మెట్టు మీదే ఆగిపోతుంది: సైకిల్ మీద పాత సామాన్లు కొనే మనిషి, చెత్తలో వైరు ముక్కలు ఏరే ఆడమనిషి.

కరెంటు సామగ్రి దొంగతనానికి 2003 విద్యుత్ చట్టం 136వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు ఉంది. దొంగను పట్టుకోవద్దని ఎవరూ అనరు, పోయింది మన రైతు ట్రాన్స్‌ఫార్మరే. కానీ దొంగ దొరకనప్పుడు పోలీసు జీపు ఏ వాడకు పోతుందన్నదే ప్రశ్న. 1871 నాటి నేరస్థ తెగల చట్టాన్ని 1952లో రద్దు చేసినా, ఎరుకల వంటి తెగల మీద ఆ ముద్ర చెరగలేదు. సుకన్య శాంత కేసులో 2024 అక్టోబర్ 3న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు జైళ్లలో కుల వివక్ష గురించే అయినా, విముక్త తెగల వారిని ఇష్టమొచ్చినట్టు అరెస్టు చేయకుండా చూడాలని పోలీసులకు కూడా చెప్పింది. ఈ తీర్పు ప్రతి స్టేషన్ గోడ మీద ఉండాలి.

ఇంకోవైపు ప్రభుత్వం తుక్కు నుంచి వచ్చే రాగిని సరఫరాలో ముఖ్యమైన భాగంగా చూస్తోంది. రాగి, అల్యూమినియం, జింకు తుక్కును తిరిగి వాడే బాధ్యతను తయారీదారుల మీద పెడుతూ 2025లో నిబంధనలు తెచ్చారు, 2026 ఏప్రిల్ నుంచి అమలు. కీలక ఖనిజాల రీసైక్లింగ్‌కు 1,500 కోట్ల ప్రోత్సాహక పథకం కూడా ప్రకటించారు. ఇవన్నీ రిజిస్టరైన కంపెనీల కోసం. వీధుల్లో తుక్కు ఏరి, వేరుచేసి, ఆ పొగ పీల్చే మనిషి ఈ నిబంధనల్లో ఎక్కడా లేడు. అదే పనికి కంపెనీలో ప్రోత్సాహకం, వీధిలో అనుమానం.

భూమి పైన ఉన్నవాళ్లు

ఇక ముందు రాబోయేది. అన్వేషణ లైసెన్సులు రాయలసీమకూ వస్తాయి. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ఆదివాసులకు కనీసం 1996 పెసా చట్టం, 1997 సమతా తీర్పు ఉన్నాయి. అవి సరిగా అమలవుతున్నాయని కాదు, పోరాడటానికి ఒక ఆధారం ఉంది. మైదాన ప్రాంతంలో డీకేటీ పట్టా మీద బతికే దళితుడికి అలాంటి కవచం లేదు. ఉన్నవి రెండు మూడు. అసైన్డ్ భూమి చేతులు మారకుండా చేసిన 1977 చట్టం ఒకటి, దాన్నీ 2023లో సడలించారు. అసైన్డ్ భూమిని తీసుకుంటే పట్టా భూమితో సమానంగా మార్కెట్ విలువ ఇవ్వాలని మేకల పాండు కేసులో ఉమ్మడి హైకోర్టు విస్తృత ధర్మాసనం 2004లో ఇచ్చిన తీర్పు రెండోది. ఎస్సీ, ఎస్టీ కుటుంబాలు నిర్వాసితులైతే ప్రత్యేక అభివృద్ధి ప్రణాళిక ఉండాలన్న 2013 భూసేకరణ చట్టంలోని 41వ సెక్షన్ మూడోది.

వీటిని వాడుకోవాలంటే కాగితం ఉండాలి. 2024 జూలై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టర్ కార్యాలయంలో మంటలు లేచి భూముల ఫైళ్లు కాలిపోయిన సంగతి మన జిల్లా మరిచిపోలేదు. పట్టా కాగితం ఇంట్లో ఒక కాపీ, సెల్‌లో ఒక ఫోటో ఉంచుకోవడం ఇవాళ రాజకీయ పనే.

ఇంకో ప్రమాదం ఉంది. 2025 సెప్టెంబర్‌లో కేంద్ర పర్యావరణ శాఖ అణు ఖనిజాలు, గనుల చట్టం మొదటి షెడ్యూలు డి భాగంలోని కీలక ఖనిజాల గనులకు ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదని ఉత్తర్వు ఇచ్చింది. డి భాగంలో రాగి లేదు, బంగారం లేదు. కాబట్టి రాగి గనికైనా, చిగురుగుంటలో బంగారానికైనా ఆ మినహాయింపు వర్తించదు. ఈ తేడా మన కార్యకర్తలకు కంఠతా ఉండాలి. రాగి ఇప్పటికే 30 కీలక ఖనిజాల జాబితాలో ఉంది గనుక, రేపు డి భాగంలో చేర్చడం కష్టమైన పని కాదు. కలెక్టర్ ఎదుట మైకు పట్టుకుని మాట్లాడే ఆ ఒక్క రోజు కూడా పోతుంది.

ఏం అడగాలి?

ఒకటి. ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే మార్చడానికి ఉన్న గడువే చోరీ జరిగినప్పుడూ వర్తిస్తుందని విద్యుత్ నియంత్రణ మండలి స్పష్టంగా రాయాలి. సెక్షన్ల వారీగా ఎన్ని పోయాయి, ఎన్ని రోజులకు మార్చారు, వాటి కింద ఎస్సీ, ఎస్టీ రైతులు ఎందరు అని సమాచార హక్కు కింద అడగాలి. మూడు ఊళ్ల విద్యార్థులు కలిస్తే నెల రోజుల్లో అయ్యే పని.

రెండు. 2013 ఉప ప్రణాళిక చట్టాన్ని 2023లో మరో పదేళ్లు పొడిగించారు. ఆ నిధుల నుంచి దళిత రైతుల బోర్లకు అల్యూమినియం ట్రాన్స్‌ఫార్మర్లు, కేబుల్ నష్టపరిహారం ఇవ్వాలి. రోడ్లకూ భవనాలకూ మళ్లే డబ్బు బోరు కాడికి రావాలి.

మూడు. తుక్కు ఏరేవాళ్లకు, కొనేవాళ్లకు గుర్తింపు కార్డులు ఇచ్చి, రీసైక్లింగ్ నిబంధనల్లో వాళ్ల సహకార సంఘాలకు చోటివ్వాలి.

నాలుగు. చిగురుగుంటలో పని మళ్లీ మొదలైతే పాత కార్మికుల కుటుంబాలకు తొలి హక్కు, సిలికోసిస్ పరీక్షలు, జిల్లా ఖనిజ నిధిలో వాటా లీజు షరతుల్లోనే రాయించాలి. మాట ఇస్తే చాలదు.

ఐదు. రాగిని, బంగారాన్ని ప్రజాభిప్రాయ సేకరణ నుంచి తప్పించే ఏ ప్రయత్నాన్నైనా ముందే అడ్డుకోవాలి.

1942 నుంచి 1946 దాకా వైస్రాయి కౌన్సిల్‌లో కార్మిక శాఖ సభ్యుడిగా ఉన్న అంబేడ్కర్ చేతిలో కూలీల విషయాలే కాక విద్యుత్తు, నీటిపారుదల కూడా ఉండేవి. 1944లో బొగ్గు గని కార్మికులకు సంక్షేమ నిధి వచ్చింది ఆ కాలంలోనే. గని, కరెంటు, నీళ్లు, కూలి ఒకే బల్ల మీద ఉన్నాయప్పుడు. ఇవాళ గని ఒక మంత్రిత్వ శాఖది, కరెంటు ఇంకోదానిది, తుక్కు పర్యావరణ శాఖది, దళితుడు సాంఘిక సంక్షేమానిది. ఏ శాఖకు వెళ్లినా మన సమస్య పక్క శాఖదే అవుతుంది. ఆ నాలుగు ఫైళ్లనూ ఒక అర్జీలో కలిపి కలెక్టర్ గ్రీవెన్స్‌కు తీసుకుపోవడంతో మన పని మొదలుపెట్టొచ్చు.